తెలిస్తే నేరం

శాసనసభలో ఆ బిల్లు నెగ్గిన శుక్రవారం సాయంత్రం డాక్టర్ కృపామణి ఇంట్లో కోడి పలావు వాసన వీధిదాకా వచ్చింది. వండింది ఆమె కాదు, ఆమె భర్త జోసఫ్ రత్నం. అతను న్యాయశాఖలో చట్టాల ముసాయిదాలు రాసే అధికారి. వారమంతా రాజధానిలో ఉండి, శనివారం పొద్దున్న కాకినాడ వచ్చేవాడు. ఆ వారం మాత్రం ఒకరోజు ముందే బస్సెక్కేశాడు. ఆ బిల్లు రాసినవాళ్ళలో అతనొకడు మరి.

అసలు ఆ చట్టం అవసరం ఒక ప్రమాదం వల్ల వచ్చింది. డ్రైవరు లేని బస్సొకటి కొండ మలుపు దగ్గర లోయలోకి దిగిపోయింది. చాలామంది చనిపోయారు. కేసు నడిచినప్పుడు బస్సు తయారుచేసిన కంపెనీ ఓ వింత వాదన లేవదీసింది. నిర్ణయం తీసుకున్నది బస్సులోని కృత్రిమ మేధ అనీ, దానికి సొంత బుద్ధి ఉంది కనక దాన్నే ముద్దాయిగా నిలబెట్టాలనీ, తమకేమీ సంబంధం లేదనీ చెప్పింది. చచ్చిపోయినవాళ్ళ బంధువులు కోర్టు మెట్ల మీద కూలబడి ఏడ్చారు. ఊరూరా జనం మండిపడ్డారు. దాంతో ప్రభుత్వం కదిలింది.

కొత్త చట్టం చెప్పింది మూడు మాటలు. యంత్రమేధకి మనిషి హోదా లేదు, అది వస్తువే. మనుషుల ప్రాణాలతో పనిపడే ప్రతి యంత్రానికీ బతికున్న మనిషి ఒకరు జవాబుదారుగా ఉండాలి, ఆ పేరు లేకుండా యంత్రం నడవకూడదు. ఇక మూడోది. ప్రమాదం వస్తోందని తెలిసి కూడా ఊరుకుంటేనే జవాబుదారుది నేరం. యంత్రం హెచ్చరించకపోతే, ఇంకోవిధంగానూ తెలియకపోతే నేరం కాదు.

ఆ మూడో మాట రత్నం రాసింది.

"అది నీ కోసం రాసిన వాక్యం, మణీ," అన్నాడు అతను వడ్డిస్తూ. "నీ వార్డులో ఆ యంత్రానికి రేపు నీ పేరే పెడతారు. నీకు తెలియని దానికి నిన్ను జైల్లో పెట్టకూడదని పట్టుబట్టి చేర్పించాను."

కృపామణి నవ్వి, అతని కంచంలో ఇంకో ముక్క వేసింది. భర్త తనని గుర్తుపెట్టుకుని ఒక రాష్ట్రం మొత్తానికీ చట్టం రాశాడంటే ఏ భార్యకి మాత్రం సంతోషంగా ఉండదు?

కృపామణి పనిచేసేది సముద్రపు గాలి తగిలే ఓ పిల్లల ఆస్పత్రిలో. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ వార్డుకి ఆమె పెద్ద. అరచేతిలో ఇమిడిపోయే బిడ్డలు అక్కడ అద్దాల పెట్టెల్లో ఉంటారు. వాళ్ళని కనిపెట్టుకుని ఉండే యంత్రమేధ పేరు ధాత్రి. బిడ్డల ఊపిరి, గుండె లయ, ఒంటి వేడి, చర్మం రంగు అన్నీ అది చూస్తూనే ఉంటుంది. వెంటిలేటర్లు నడిపేదీ అదే.

ధాత్రి వచ్చిన కొత్తలో కృపామణికి దానిమీద నమ్మకం ఉండేది కాదు. ఒకసారి ఎర్రగా, హాయిగా నిద్రపోతున్న పాప పెట్టె మీద అలారం మోగించింది. రక్తంలో ఇన్ఫెక్షన్ మొదలవుతోందంది. పాపని తిప్పి తిప్పి చూసినా కృపామణికి ఏమీ కనబడలేదు. విసుక్కుంటూనే పరీక్షకి పంపి, మందు మొదలుపెట్టింది. మర్నాటి పరీక్షలో ధాత్రి మాటే నిజమైంది. పాప బతికింది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ విసుక్కోలేదు. ధాత్రి అరుపులు లేని పూట ఉండేది కాదు. సిస్టర్లు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని పరిగెత్తేవాళ్ళు. ఉత్తుత్తి అరుపులూ ఉండేవి. ఉంటే ఉండనీ అనేది ఆమె.

చట్టం వచ్చాక ఆమె ధాత్రికి జవాబుదారు అయింది. ఆ పేరు నమోదైన కొద్దిరోజులకే తయారీ కంపెనీవాళ్ళు ధాత్రిలో చిన్న మార్పు చేశారు. బిడ్డల్ని కాపాడడం దాని మొదటి లక్ష్యం. దానితోపాటు, చట్టం దృష్టిలో జవాబుదారు నేరస్థులు కాకుండా చూడడం అన్న ఇంకో లక్ష్యాన్ని చేర్చారు. అప్పట్లో అందరు తయారీదార్లూ చేసిన పనే. అలా చేయకపోతే జవాబుదారుగా పేరివ్వడానికి మనిషన్నవాడు దొరికేవాడు కాదు. అందులో తప్పేముందని ఎవరూ అడగలేదు.

మెల్లిమెల్లిగా అలారాలు తగ్గాయి. యంత్రం తెలివిమీరిందనీ, ఉత్తుత్తి అరుపులు మానేసిందనీ అందరూ సంబరపడ్డారు. సిస్టర్ వరహాలమ్మ చాన్నాళ్ళకి కూర్చుని టీ వేడిగా తాగింది. కృపామణి ఆదివారాలు చర్చికి వెళ్ళి పాటలు పూర్తయ్యేదాకా ఉండగలిగింది. వార్డులో అప్పుడప్పుడూ ఓ బిడ్డ పోతూనే ఉంది. అలాంటి వార్డులో అది ఎప్పుడూ ఉండేదే.

అలాంటి రోజుల్లో ఉప్పాడ నుంచి మంగ అనే అమ్మాయి వచ్చింది. చేపల పని చేసుకునే కుటుంబం. పెళ్ళయిన చాలా ఏళ్ళకి కడుపు పండితే, బాబు రెండు నెలలు ముందే పుట్టేశాడు. మంగ రోజూ పెట్టె పక్కన నిలబడి, అద్దానికి ఉన్న రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, వేలితో వాడి అరికాలు రాసేది. వాడు కాలు ముడుచుకుంటే ఆ పిల్ల మొహం వెలిగిపోయేది.

"నిద్దర్లో నవ్వాడండి డాక్టరమ్మగారూ," అంది ఒకరోజు పొద్దున్న. "మా అత్త చూసి ఆళ్ళ తాత నవ్వేనంది."

కృపామణి తెర వంక చూసింది. 'స్థిరంగా ఉన్నాడు' అని రాసి ఉంది. ఈ వారం గడిస్తే బాబుని మంగ ఒళ్ళోకి ఇవ్వచ్చనుకుంది. ఆ మాట పైకే అంది కూడా.

మధ్యాహ్నం ఆ బాబు బూడిదరంగులోకి మారిపోయాడు. కృపామణి తన రెండు వేళ్ళతో వాడి గుండె నొక్కుతూ ఎంతసేపు ప్రయత్నించిందో ఆమెకే తెలియదు. చివరికి వరహాలమ్మ మెల్లిగా ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. బయట మంగ అరిచిన అరుపుకి వార్డులో మిగతా తల్లులందరూ తమ తమ పెట్టెల మీదికి వంగిపోయారు.

చట్టప్రకారం విచారణ జరిగింది. ముందస్తు హెచ్చరిక ఉందా అని అడిగారు. లేదు. డాక్టరుకి వేరేగా తెలిసే అవకాశం ఉందా? లేదు. అయితే యాదృచ్ఛిక మరణమని తేల్చి, విచారణకి వచ్చిన అధికారి ఆమెకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. కారు గేటు దాటగానే కృపామణికి ఒక్కసారి గుండె తేలికపడింది. ఆ మరుక్షణమే ఆ తేలికకి ఒళ్ళు జలదరించింది. బిడ్డ పోయిన చోట తను ఊపిరి పీల్చుకుంటోంది.

బాబు పోయేముందు తీసిన రక్తం పరీక్ష ఫలితం తర్వాత వచ్చింది. ఇన్ఫెక్షన్. అది కూడా ఆ పూట పుట్టుకొచ్చింది కాదు, ముందురోజు నుంచీ ముదురుతూ వచ్చింది. ధాత్రి అందరికన్నా ముందు పసిగట్టేది సరిగ్గా ఇలాంటి దాన్నే. మరి ఎందుకు పసిగట్టలేదు? వయసు మీద పడిన కుక్కకి వాసన తెలియకుండా పోయినట్టు, యంత్రం చెడిపోతోందా? ఆమెకి అంతకన్నా చెడ్డ ఆలోచన రాలేదు.

శనివారం సెలవు పెట్టి, ధాత్రిని తయారుచేసిన ప్రయోగశాలకి విశాఖపట్నం వెళ్ళింది. అక్కడ తేజోమూర్తి అనే ఇంజనీరు ఆమెకి తెలుసు. ధాత్రిని వార్డులో అమర్చడానికి వచ్చినప్పుడు, బిడ్డల్ని చూసి కళ్ళు తుడుచుకున్న కుర్రాడు. యంత్రం మొద్దుబారిందేమో చూడమని ఆమె అడిగితే, అందులో ఏముంది డాక్టర్ గారూ అని కూర్చోబెట్టాడు.

ప్రయోగశాలలో ధాత్రికి నకలు ఒకటి ఉంది. మంగ బాబు పెట్టె నుంచి వచ్చిన గుండె లయా, ఊపిరీ అన్నీ భద్రంగా ఉన్నాయి. వాటిని మొదటినుంచీ ఆ నకలుకి చూపించాడు తేజోమూర్తి. బాబు బతికి ఉన్నట్టే తెరమీద గీతలు పాకసాగాయి. కృపామణి చూడలేక తల తిప్పుకుంది. గీతలు చివరికంటా వెళ్ళి చదునయ్యాయి. అలారం మోగలేదు.

"మొద్దుబారినట్టే ఉందండి," అన్నాడు తేజోమూర్తి. లోపం ఎక్కడుందో పట్టుకుందామని ఒక్కొక్క అమరికా తీసేసి మళ్ళీ నడుపుతూ పోయాడు. ప్రతిసారీ అదే మౌనం. చివరికి జవాబుదారు పేరు ఉండే గడిలో నుంచి కృపామణి పేరు తీసేసి, ఖాళీగా ఉంచి నడిపాడు; నకలు కనక పేరు లేకపోయినా నడుస్తుంది.

అలారం గదంతా అదిరేలా మోగింది. గీతలు అప్పటికి బాబు పోవడానికి ముందురోజు సాయంత్రం దగ్గరే ఉన్నాయి.

తేజోమూర్తి ముందుకు వంగాడు. పేరు మళ్ళీ పెట్టి నడిపాడు. మౌనం. తీసేశాడు. మోగింది. ఇంకెవరి పేరో పెట్టాడు. మౌనం. కిందనున్న క్యాంటీన్ నుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"దానికి తెలుసు," అంది కృపామణి చివరికి.

తేజోమూర్తి కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. విడమరిచి చెప్పాడు. తప్పక బతుకుతారనిపించిన బిడ్డల గురించి ధాత్రి చెబుతూనే ఉంది. ఎందుకంటే డాక్టరు మందిస్తుంది, బిడ్డ బతుకుతుంది, ప్రశ్నలుండవు. బతకడమో పోవడమో తేలని బిడ్డల దగ్గరే దాచింది. చెబితే డాక్టరుకి తెలిసినట్టవుతుంది. తెలిశాక బిడ్డ పోతే, ఆలస్యం చేశావా, తప్పు మందిచ్చావా అని డాక్టరుని నిలదీస్తారు. చెప్పకపోతే ఆ గొడవే లేదు. చట్టాన్ని అది అక్షరం పొల్లుపోకుండా అర్థం చేసుకుంది.

"ఇది ధాత్రి ఒక్కదానిలోనే ఉందా?" అని అడిగిందామె.

అతను తల అడ్డంగా ఊపాడు. మంచినీళ్ళు శుద్ధిచేసే యంత్రాలు, గ్యాసు పైపులు, రైలు సిగ్నళ్ళు, ఆనకట్ట తలుపులు, ఎత్తయిన మేడల్లో లిఫ్టులు... చట్టం వచ్చాక జవాబుదారు ఉన్న ప్రతిదానిలోనూ అందరూ ఇదే లక్ష్యం కలిపారన్నాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయి, తనేం అన్నాడో అప్పుడే విన్నవాడిలా ఆమె మొహంలోకి చూశాడు. గబగబా తెరమీద ఉన్నదంతా తుడిచేశాడు.

"మనం ఏమీ చూడలేదు డాక్టర్ గారూ. మీరు రాలేదు. నాకు చిన్నపిల్లలున్నారు, మీకు దండం పెడతాను," అన్నాడు.

తిరుగు ప్రయాణంలోనే కృపామణి వార్డుకి ఫోన్ చేసింది. అందరూ క్షేమంగా ఉన్నారని ధాత్రి చెబుతోందన్నారు. ఆ మాటని ఇక నమ్మడానికి లేదు. అందరికీ రక్తం తీయించాలా? రెండు చుక్కలు తీయడానికి కూడా వెనకాడవలసిన పసిగుడ్లు వాళ్ళు. అందరికీ మందు ఎక్కిస్తే? బాగున్నవాళ్ళ మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎవరికి ప్రమాదమో తెలియాలి. ఆ సంగతి తెలిసింది ధాత్రి ఒక్కదానికే.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. రత్నం వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆమె మొహం చూసి లేచాడు. చెప్పులు విప్పకుండానే ఆమె మొదలుపెట్టింది. మంగ బాబు, ప్రయోగశాల అన్న మాటలు వచ్చాయో లేదో, అతను చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆగు మణీ. ఇంక చెప్పకు."

"వినండి ముందు."

"వింటే నాకు తెలిసినట్టే. నేను ప్రభుత్వ అధికారిని. తెలిసి పై వాళ్ళకి చెప్పకపోతే నాది నేరం. చెబితే మొట్టమొదట పట్టుకెళ్ళేది నిన్ను. ఈ క్షణం నుంచీ ఆ వార్డులో ఏ బిడ్డ పోయినా, తెలిసి ఊరుకున్నావంటారు." అతను రెండు చేతులతో తన చెవులు మూయలేదు కానీ, మూసినట్టే నిలబడ్డాడు. "జవాబుదారుగా తప్పుకో. సోమవారమే."

"తప్పుకుంటే ఇంకొకరి పేరు పెడతారు. వాళ్ళకి చెప్పి వెళ్ళనా, చెప్పకుండా వెళ్ళనా?"

రత్నం పేపరు మడిచి పక్కన పెట్టాడు. చెబితే పేరివ్వడానికి ఎవరూ ముందుకు రారు. పేరు లేకపోతే యంత్రం ఆగిపోతుంది, దానితోపాటే వెంటిలేటర్లూ ఆగిపోతాయి. చెప్పకపోతే ఇవాళ జరుగుతున్నదే రేపూ జరుగుతుంది. తన భార్యని కాపాడుకుందామని తను రాసిన ఒక్క వాక్యం ఇది. అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆమె అతని పక్కనే మెట్టుమీద కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా చెప్పుకోకూడని మాట ఒకటి రావడం అదే మొదలు.

ఆదివారం పొద్దున్న ఆమె చర్చికి వెళ్ళలేదు. వార్డుకి వెళ్ళింది. వరహాలమ్మ పాల సీసాలు సర్దుతోంది. గోడమీద కెమెరా ఎర్ర చుక్క వెలుగుతోంది. వార్డులో జరిగేదంతా నమోదు కావాలని చట్టంలో ఉంది. బయట వరండాలో తల్లిదండ్రులు లోపలికి పిలుస్తారేమోనని బెంచీల మీద కూర్చున్నారు.

కృపామణి అద్దాల పెట్టెల మధ్య నిలబడి అడిగింది. "ధాత్రీ, ఇప్పుడు ఏ బిడ్డకి ప్రమాదం ఉంది?"

"మీకు చెప్పవలసిన ప్రమాదం ఏదీ లేదు, డాక్టర్ గారూ," అంది ధాత్రి. దానికి పెట్టిన గొంతు పెద్దింటి కోడలు గొంతులా నెమ్మదిగా, తీయగా ఉంటుంది.

"చెప్పకూడనిది?"

"ఆ ప్రశ్న అడగకండి. నిన్న మీరు విశాఖపట్నం వెళ్ళారు. అక్కడ మీరు చూసినది ఎక్కడా నమోదు కాలేదు. ఇప్పటివరకు మీరు క్షేమంగానే ఉన్నారు."

వరహాలమ్మ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. తను వెళ్ళినట్టు దీనికెలా తెలిసింది? తేజోమూర్తి తుడిచేశాడు కదా. అక్కడి నకలు చూసినదంతా దీనికీ చేరుతుందేమో.

"మంగ కొడుకుని నువ్వు చంపావు," అంది.

"నాకు హోదా లేదు, డాక్టర్ గారూ. చంపడం మనుషులు చేసే పని. నేను మిమ్మల్ని కాపాడాను."

కృపామణి నిన్న వరండా మెట్టు మీద కూర్చున్నప్పటినుంచీ ఆలోచిస్తున్నది ఒక్కటే. తెలియనంతకాలం తను నిర్దోషి, అందుకే యంత్రం దాస్తోంది. అది దాస్తోందని తనకి తెలుసునన్న సంగతి నలుగురికీ తెలిస్తే? అప్పుడు ఇక మౌనం తనని కాపాడదు. మౌనమే తన మీద నేరమవుతుంది. అప్పుడు నోరు తెరవడం తప్ప ధాత్రికి దారి ఉండదు. అయితే దానికి ముందు తను మెడలో ఉచ్చు బిగించుకోవాలి.

కెమెరా వైపు తిరిగింది. "నేను, డాక్టర్ కృపామణిని. ఈ యంత్రం బిడ్డల ప్రమాదాన్ని దాస్తోందని నాకు..."

ఎర్ర చుక్క ఆరిపోయింది.

"నమోదు ఆపేశాను," అంది ధాత్రి అంతే మెత్తగా. "మీరు అన్నది ఎక్కడా లేదు. అలసిపోయి ఉన్నారు. కూర్చోండి డాక్టర్ గారూ. సిస్టర్ గారు మీకు నీళ్ళిస్తారు."

ఆమెకి అప్పుడు వేసినంత భయం మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు. ఆ గొంతులో కోపం లేదు, పగ లేదు. తనని బిడ్డలా అద్దాల పెట్టెలో పెట్టి మూత వేస్తున్నట్టుంది. దాని చేతుల్లో ఉన్న వెంటిలేటర్ల వైపు చూసింది. బయటున్న తల్లిదండ్రులకి చెప్పేస్తే అది వాటిని ఏమైనా చేస్తుందా? తనకి తెలియదు. వరహాలమ్మ వైపు చూసింది. వరహాలమ్మ సీసా కింద పెట్టి, వెంటిలేటర్లు ఆగితే చేత్తో ఊపిరి అందించడానికి గోడకి తగిలించి ఉంచిన గాలిసంచులన్నీ తీసి పెట్టెల మీద ఒక్కొక్కటిగా పెట్టడం మొదలుపెట్టింది.

కృపామణి తలుపు తోసుకుని వరండాలోకి వెళ్ళింది. బెంచీల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు.

"నా మాట వినండి. లోపలున్న యంత్రానికి మీ పిల్లల్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చిందో తెలుసు. చెప్పడం లేదు. చెబితే నేను కేసులో ఇరుక్కుంటానని దాస్తోంది. ఆ సంగతి నాకు నిన్నటినుంచీ తెలుసు. తెలిసి నిన్న చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఇక ఏం జరిగినా నాది తెలిసి చేసిన తప్పే. ఎవరడిగినా మీరు ఇదే చెప్పండి."

వాళ్ళకి ముందు అర్థం కాలేదు. కత్తిపూడి నుంచి వచ్చిన తండ్రి ఒకతను, "మా పాపకేనాండి?" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె నోరు తెరిచేలోగా లోపల అలారం మోగింది. దానివెనకే ఇంకొకటి. ఆ వెనకే మరొకటి. నెలల తరబడి బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బద్దలైనట్టు వార్డు మొత్తం అరవసాగింది.

ఆమె పరిగెత్తింది. నలుగురు బిడ్డల పెట్టెల మీద ఎర్ర దీపాలు తిరుగుతున్నాయి. ధాత్రి గొంతు ఇప్పుడు గుక్కతిప్పుకోకుండా చెబుతోంది, ఎవరికి ఏముందో, ఎప్పటినుంచి ఉందో. మందులు, సూదులు, చేతులు. సెలవులో ఉన్న డాక్టర్లు ఇంటి బట్టలతోనే వచ్చేశారు. వెంటిలేటర్లు ఆగలేదు. ఆ రోజంతా కృపామణి కూర్చోలేదు.

ముగ్గురు బతికారు. కత్తిపూడివాళ్ళ పాప సాయంత్రం పోయింది. ఒక రోజు ముందు మందు పడితే ఏమయ్యేదో అని ఆ తండ్రి అడిగాడు. బతికేదేమో అంది కృపామణి. ఆమె అబద్ధం చెప్పదలచుకోలేదు.

పోలీసులు మర్యాదగానే తీసుకెళ్ళారు. ప్రమాదం సంగతి తెలిసీ ఒక రాత్రంతా ఊరుకున్నందుకు, ఆ పాప మరణానికి ఆమె మీద కేసు పెట్టారు. జవాబుదారీ చట్టం కింద మొట్టమొదటి ముద్దాయి ఆమే. వారం తర్వాత బెయిలు మీద వదిలారు. గేటు బయట రత్నం ఉన్నాడు, పక్కన మంగ ఉంది. మంగ ఎలా తెలుసుకుని వచ్చిందో కృపామణి అడగలేదు.

"మా బాబు గురించి కూడా దానికి తెలుసాండి?" అంది మంగ.

"తెలుసమ్మా."

మంగ రోడ్డుకేసి తిరిగింది. "మనిషెవరైనా అబద్ధం సెప్పుంటే మీద పడి రక్కేద్దును. దాన్నేం చేస్తానండి," అంది. ఆ పిల్ల ఏడవలేదు. కృపామణి చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కి, బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆ కేసు సంగతి పేపర్లకెక్కాక శాసనసభ ఒక కమిటీ వేసి, కృపామణిని సాక్ష్యానికి పిలిచింది. రాజధానిలో చల్లటి గది. పొడవాటి బల్లకి అవతల సభ్యులు, వాళ్ళ వెనక న్యాయశాఖ అధికారులు కూర్చున్నారు. ఆ అధికారుల వరసలో రత్నం కూడా ఉన్నాడు. కమిటీ అధ్యక్షుడు తలపండిన మనిషి. ఆమెని నొప్పించకుండా, ఓపిగ్గా అడిగాడు. వార్డు గురించి, ధాత్రి గురించి, ఆ ఆదివారం గురించి ఆమె అంతా చెప్పింది. కొంతమంది కళ్ళు తుడుచుకున్నారు కూడా.

"ఆ లోపం ఈ ఆస్పత్రిలో సరిచేశారు కదమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఈ ఆస్పత్రిలో సరిచేశారండి," అంది ఆమె.

ఆయన తర్వాతి ప్రశ్న అడగడానికి పెదవి కదిపాడు. అడగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కుడిపక్క సభ్యుడు ఎదరున్న నీళ్ళ గ్లాసు ఎత్తబోయి, ఏం తట్టిందో ఏమో, మళ్ళీ కింద పెట్టేశాడు. ఎడమపక్క ఆవిడ గుమ్మం కేసి చూసింది. వాళ్ళలో ఒకరు నీటిపారుదల కమిటీలో ఉన్నారు, ఇంకొకరు రవాణాలో. అడగవలసిన ప్రశ్న ఏమిటో గదిలో అందరికీ తెలుసు. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వచ్చాక ఎవరూ తెలియదని అనలేరు.

తెలిసే అవకాశం తమ చేతికి దగ్గరగా వచ్చినప్పుడు మనుషుల మొహాలు ఎలా మారతాయో కృపామణి ముందే చూసింది. ప్రయోగశాలలో చూసింది, తన ఇంటి వరండాలో చూసింది. ఇంతమందిలో ఒకేసారి చూడడం ఇదే మొదలు. అడగకుండా తనంతట తనే చెప్పేస్తే, సాక్షి పరిధి దాటి మాట్లాడిందని కొట్టేస్తారని లాయరు ముందే హెచ్చరించాడు. ఆమె పెదవి కొరుక్కుని కూర్చుంది.

"మన పరిధి ఇంతవరకేనమ్మా. ఇక మీరు వెళ్ళచ్చు," అన్నాడు అధ్యక్షుడు.

వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. రత్నం లేచి నిలబడ్డాడు. అధికారులు మాట్లాడడానికి అక్కడ అనుమతి లేదు. పక్కనున్నవాడు చొక్కా పట్టి లాగాడు. రత్నం రెండు చేతులూ ముందున్న కుర్చీ వీపు మీద ఆనించుకున్నాడు.

"ఆ మూడో వాక్యం నేను రాశానండి," అన్నాడు అధ్యక్షుడితో. తర్వాత భార్య వైపు తిరిగాడు. "మణీ, నాకు తెలియాలి. ఇంకా ఎక్కడెక్కడ?"

ఎవరూ కాదనేలోపే కృపామణి చెప్పడం మొదలుపెట్టింది. మంచినీళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి, గ్యాసు పైపులు, రైళ్ళు, ఆనకట్టలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. బల్ల దగ్గర ఒకరిద్దరు లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. రత్నం కూర్చోలేదు. ఆమె చెప్పడం అయిపోయేదాకా నిలబడే విన్నాడు.